ఆరోసారి ఏమైందండీ?

రంధ్రాలున్న పదార్థంలో కెటలిస్టును, అంటే రియాక్షన్‌ను వేగిరపరిచే సరుకును, కూర్చోబెట్టిన పరిశోధన పత్రం ఏదైనా తెరవండి. చివర్లో ఒక బార్ గ్రాఫ్ ఉంటుంది. అయిదు కడ్డీలు, అయిదూ ఒకే ఎత్తు, బందోబస్తు పోలీసుల్లా. కింద అదే వాక్యం: 'సామర్థ్యం పెద్దగా తగ్గకుండా అయిదుసార్లు తిరిగి వాడవచ్చు.' ఆరోసారి ఏమైందని అడగకూడదు. అయిదోతనం విలువ తెలుగువాళ్లకు ఒకరు చెప్పాలా?

2025లో కిటగావా, రాబ్సన్, యాగీలకు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది మాఫ్‌లకే. మాఫ్ అంటే రుణమాఫీ కాదు, లోహ అయాన్లను కర్బన అణువులతో ముడివేసి కట్టిన గూళ్లు. గ్రాము పొడిలో వేల చదరపు మీటర్ల లోపలి గోడలుంటాయి. అంత జాగా ఖాళీగా కనిపిస్తే ఊరుకుంటామా, కెటలిస్టుగా పనిచేసే పల్లేడియం లోహపు రేణువులను దింపాం. ఒకదానికొకటి అతుక్కోవు, పనయ్యాక వడపోసుకోవచ్చు. ఆలోచన బంగారం. వచ్చిన చిక్కల్లా హాస్టల్ నిర్వహణతోనే.

ఫ్లాస్కు వేడెక్కగానే కొంత పల్లేడియం గోడ దూకి ద్రావణంలోకి పోతుంది, కుర్రాళ్లు సెకండ్ షోకి పోయినట్టు. చాలాసార్లు అసలు పని చేసేది ఈ పారిపోయినవాళ్లే. చల్లారగానే గుట్టుగా తిరిగొచ్చి పొడి మీద ముసుగు తన్ని పడుకుంటారు. తెల్లారాక వార్డెన్ గారు చల్లారిన మిశ్రమాన్ని వడపోసి హాజరు పిలుస్తారు. ద్రావణంలో లోహం లేదు, అందరూ ప్రెజెంట్, సంతకం. జేబుల్లో టికెట్టు ముక్కలు ఎవరూ వెతకరు. ఇంకొందరు గదిలోకి వెళ్లనే లేదు. గది వెడల్పు ఒక నానోమీటరు, మనిషి అయిదు నానోమీటర్లు. వరండాలోనే చాప పరిచాడు. అయినా రిజిస్టర్లో రూమ్ నంబర్ ఉంది, సీలింగ్ ఫ్యాన్ కూడా రాశారు.

సినిమా నడుస్తుండగానే థియేటర్లోకి వెళ్లి టార్చి వేయొచ్చు. దాన్నే హాట్ ఫిల్ట్రేషన్ అంటారు. రియాక్షన్ సగంలో ఉన్నప్పుడు వేడిమీదే వడపోసి, కిందకు దిగిన ద్రవంలో రియాక్షన్ ఇంకా సాగుతోందేమో చూడటం. పెద్ద పనేం కాదు. మనవాళ్లు దాన్నీ చేస్తారు, కాస్త చల్లారాక!

ఇక ఆ కడ్డీలన్నీ నూటికి నూరు శాతం దిగుబడి చూపించే సంగతి. రెండు గంటల్లో అయిపోయే రియాక్షన్‌ను పన్నెండు గంటలు ఉంచుతారు. పెళ్లి వంట ముందురోజు సాయంత్రమే మొదలుపెడితే నలుగురు వంటవాళ్లలో ముగ్గురు పడుకున్నా భోజనాలు వేళకి అందుతాయి. ఎవరు పడుకున్నారో తెలియాలంటే మొదటి గంటలో వంటశాలకి వెళ్లాలి.

విశాఖ రిఫైనరీలో బరువు నూనెను విరగ్గొట్టే యూనిట్లో ఉన్నదీ రంధ్రాల సరుకే, జియోలైట్. కొన్ని సెకన్లు పని, ఆపైన దాదాపు 700 డిగ్రీల్లో ఒంటిమీది మసి కాల్చుకోవడం, మళ్లీ పని. రోజుకు వందసార్లకు పైనే. అలసిన పొడిని కొంత తీసి కొత్తది కలుపుతూనే ఉంటారు. అలసిందని ఒప్పుకోవడానికి అక్కడ ఎవరికీ నామోషీ లేదు.

నవ్వింది చాలు. ఆరోసారి చేసి చూసినవాణ్ని నేను. సగానికి పడిపోయింది. గైడ్ గారు నోట్‌బుక్ చూసి, "రివ్యూయర్లు అడిగేది అయిదేనయ్యా, అక్కడికి ఆపెయ్" అన్నారు. ఆపేశాను. సిగ్గులేకుండా ఆపేశాను. రెండేళ్ల తర్వాత ఎక్కడో వేరే ల్యాబు నుంచి ఒకమ్మాయి మెయిల్ పెట్టింది: 'సర్, ఆరు నెలలుగా మీ పద్ధతిలోనే చేస్తున్నాను. మూడోసారికే పడిపోతోంది. నా తప్పు ఎక్కడుందో చెప్తారా?'

నీ తప్పేం లేదమ్మా, దొంగలం మేము! ఫెలోషిప్ ఇచ్చేదే అయిదేళ్లు. అందులో అర్ధ సంవత్సరం మా అయిదు కడ్డీలు మింగేశాయి. నీకు దక్కకుండా పోయిన ఆ ఆరు నెలలు ఏ గ్రాఫులోనూ కనపడవు, ఏ రివ్యూయరూ అడగడు.

ఇదంతా ఆమెకు రాశాననుకునేరు. 'ద్రావకంలో తేమ ఉందేమో ఒకసారి చూసుకోండి' అని రాశాను.