సవరణ: పత్తర్‌గట్టి రాతి తోరణాల కాలం గురించి

హైదరాబాదు పాతబస్తీలోని పత్తర్‌గట్టి గురించిన మునుపటి టపాలో, ఆ వీధికి ఇరువైపులా ఉన్న రాతి తోరణాల దుకాణాలను 1591లో చార్మినార్‌తో పాటే కట్టినట్లు ఉంది. దానిని ఈ విధంగా సవరించి చదువుకోవలసిందిగా మనవి.

చార్మినార్ నుంచి గుల్జార్ హౌజ్ (ఫౌంటెన్ ఉన్న కూడలి), మచిలీ కమాన్‌ల మీదుగా ఉత్తరాన మూసీ వైపు సాగే దారి కుతుబ్ షాహీల నగర నిర్మాణంలోనిదే. మచిలీ కమాన్‌తో కలిపి గుల్జార్ హౌజ్ చుట్టూ ఉన్న నాలుగు పెద్ద తోరణాలు, అంటే చార్ కమాన్లు కూడా ఆ కాలానివే. అయితే మనం చూస్తున్న రాతి దుకాణాల వరుసలు 20వ శతాబ్దానివి. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలాది ప్రాణాలను బలిగొన్న తరువాత నగరాన్ని ఒక పద్ధతి ప్రకారం తీర్చిదిద్దాలన్న ఆలోచన బలపడి, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. వీధిని వెడల్పు చేయించి, కింద దుకాణాలు, పైన నివాసాలు, ముందు భాగంలో జనం ఎండావానల బెడద లేకుండా నడిచే వసారా ఉండేలా ఈ వరుసలను కట్టించింది ఆ మండలే. మూడు శతాబ్దాలకు పైబడిన ఈ తేడాను చిన్న విషయంగా వదిలేయలేము. పాదచారుల సౌకర్యాన్ని అంత శ్రద్ధగా ఆలోచించిన ఆ ప్రణాళికకు దక్కవలసిన గౌరవం దానికే దక్కాలి.

అలాగే, పత్తర్‌గట్టిని లక్క గాజుల వీధిగా పొరబడవద్దు. 2024లో భౌగోళిక గుర్తింపు (ఒక ప్రాంతపు ప్రత్యేక వస్తువుకు ఇచ్చే జీఐ ట్యాగ్) పొందినవి హైదరాబాదు లక్క గాజులు. వాటికి పేరుపడ్డ లాడ్ బజార్ చార్మినార్‌కు పడమట ఉన్న వేరే వీధి.