మల్కాపురం శాసనం పేరు చెప్పి ఏదైనా రాసేయొచ్చా?

ఈ వారంలో నాలుగోసారి అదే మెసేజ్. ఈసారి పంపింది మా బాబాయి. "ప్రపంచంలో మొట్టమొదటి ఆసుపత్రి మన మందడంలో రుద్రమదేవి కట్టించింది. కాన్పుల వార్డు కూడా ఉండేది. పదివేల మంది చదువుకున్న విశ్వవిద్యాలయం. ఆ రోజుల్లో కులమే లేదు, మల్కాపురం రాగిరేకులే సాక్ష్యం. బ్రిటిష్‌వాళ్లు దాచేశారు. షేర్ చేయండి."

మల్కాపురం శాసనం కాకతీయుల నాటిది. అది రాగిరేకులు కావు, రాతి స్తంభం. ఎవరూ దాచలేదు, ఆ బ్రిటిష్ కాలంలోనే జయంతి రామయ్య పంతులు గారు చదివి అచ్చు వేయించారు. మొట్టమొదటి ఆసుపత్రీ కాదు. తమిళనాట తిరుముక్కూడల్‌లో వీరరాజేంద్ర చోళుడి శాసనం 15 పడకల వైద్యశాల గురించి చెబుతుంది, అది దీనికంటే దాదాపు 200 ఏళ్లు ముందుది. మందడం ఊరిని దానం ఇస్తానన్నది రుద్రమ తండ్రి గణపతిదేవుడు. 1261లో ఆ మాట నిలబెట్టి, వెలగపూడిని కూడా కలిపి ఇచ్చింది రుద్రమ. మఠం, సత్రం కట్టింది మాత్రం దానం పుచ్చుకున్న శైవ గురువు, గోళకీ మఠానికి చెందిన విశ్వేశ్వర శివాచార్యుడు. ఇక పదివేల మంది విద్యార్థులా? వేదాలకు ముగ్గురు, వ్యాకరణం, తర్కం, సాహిత్యం లాంటివాటికి అయిదుగురు అని శాసనం లెక్కపెట్టి మరీ చెప్పింది. ఎనిమిది మంది పదివేల మందికి ఎలా పాఠం చెప్తారు?

ఇవన్నీ పోనీ అనుకోవచ్చు. కులం మాట మాత్రం వదలలేను. సత్రంలో బ్రాహ్మణుడు మొదలు చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని శాసనంలో ఉంది. గొప్ప మాటే, కాదనను. కానీ ఆ మాటలోనే మొదలెవరో చివరెవరో కనిపిస్తోంది కదా! కులమే లేకపోతే ఆ వరస ఎక్కడి నుంచి వచ్చింది? అదే శాసనంలో వంటవాళ్లు బ్రాహ్మణులు. 60 బ్రాహ్మణ కుటుంబాలకు భూములిచ్చి ఊళ్లో నిలిపారు. అందరికీ అన్నం పెట్టడం వేరు, కులం లేకపోవడం వేరు. మా ఊరి పెళ్లిళ్లలో కొందరికి పందిరి బయట వేరే బంతి వేయడం చిన్నప్పుడు కళ్లారా చూశాను. ఆ బంతిలో కూర్చున్నవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, వాళ్లకీ ఫోన్లున్నాయి. "కులమే లేదు" అన్న ముక్క వాళ్లకు ఏ మొహంతో పంపిస్తాం?

ఒకటి ఒప్పుకోవాలి. కాన్పుల వార్డు కూడా కల్పనే అనుకున్నాను. తీరా చూస్తే శాసనంలో ప్రసూతిశాల అనే ఉంది. రెండు ఊళ్ల ఆదాయాన్ని మూడు భాగాలు చేసి, అందులోంచి దానికీ వైద్యశాలకూ ఖర్చు పెట్టమన్నారు. ఒక వైద్యుడు, లెక్కలు రాసే కరణం, పాడటానికి కాశ్మీరం నుంచి వచ్చిన ఒక గాయకుడు కూడా ఉన్నారు. ఆ పేరాలు రెండుసార్లు చదువుకున్నాను.

బాబాయ్, ఈ చివరి ముక్క మాత్రం ఫార్వర్డ్ చెయ్యి.