ఏడాదికి ఎన్నిసార్లు మడుస్తాం? భారీ నిల్వ పెట్టెల రూపకల్పనలో అడగాల్సిన మొదటి ప్రశ్న

2025 జూన్‌లో చిత్తూరు జిల్లాలోని మామిడి గుజ్జు పరిశ్రమల ముందు తోతాపురి కాయలతో నిండిన ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. పరిశ్రమలు కిలోకు 8 రూపాయలు, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలిపి రైతుకు 12 రూపాయలు అందాలన్న నిర్ణయం కూడా ఆ రోజుల్లోనే వచ్చింది. ధర మీద, పరిశ్రమల కొనుగోళ్ళ మీద చర్చ జరగాల్సిందే. అయితే ఆ బారులకు ఇంకో చిన్న కారణం కూడా ఉంది. కాయను విడిగా ట్రాలీలో పోసి తెచ్చినంత కాలం ఆ ట్రాలీయే గిడ్డంగి అవుతుంది. కాయ దిగితే తప్ప ట్రాక్టరు కదలదు, ట్రాక్టరు కదిలితే తప్ప తోటలో మిగిలిన కోత సాగదు, ఈలోగా అడుగున ఉన్న కాయ పై బరువుకు నలిగి, వేడెక్కి మెత్తబడుతుంది.

కాయను ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తగలిగే పెద్ద పెట్టెల్లో తెస్తే ఈ ముడి కొంత సడలుతుంది. పెట్టెలు దించి ట్రాక్టరు వెళ్ళిపోవచ్చు. గుజ్జు తీసేముందు కాయను కొన్ని రోజులు మాగబెడతారు కనుక, గాలి ఆడే పెట్టె అయితే అందులోనే మాగనివ్వవచ్చు. మళ్ళీ మళ్ళీ కుమ్మరించి ఎత్తే పని తప్పుతుంది. పంట ముంచెత్తిన ఏడాది పరిశ్రమ సామర్థ్యాన్ని ఏ పెట్టే పెంచలేదు, ధరనూ నిలబెట్టలేదు. ఎదురుచూపు వల్ల రైతుకు కలిగే నష్టాన్ని మాత్రం తగ్గించగలదు.

మరి ఆ పెట్టె మడిచేదై ఉండాలా? మడత పెట్టెల గురించి చెప్పేవాళ్ళు ముందుగా తిరుగు ప్రయాణం లెక్క చూపిస్తారు. మీటరు ఎత్తున్న పెట్టె మడిస్తే 40 సెంటీమీటర్లకు దిగుతుందనుకుందాం. లోపల రెండున్నర మీటర్ల ఎత్తున్న లారీలో నిలబెట్టిన పెట్టెలు ఒకదానిపై ఒకటి రెండే పడతాయి, మడిచినవి ఆరు పడతాయి. మూడు లారీల ఖాళీ పెట్టెలు ఒక్క లారీలో తిరిగి వెళతాయి. వాహన విడిభాగాలు వందల కిలోమీటర్లు ప్రయాణించే దారుల్లో ఈ లెక్క నూటికి నూరుపాళ్ళు సరైనదే.

చిత్తూరు మామిడికి వచ్చేసరికి ఈ లెక్క నిలవదు. మామిడిని లోతుగా పోస్తే అడుగు కాయ దెబ్బతింటుంది కనుక పెట్టె లోపలి లోతు 60 సెంటీమీటర్లకు మించకపోవడం మంచిది. ఫోర్క్ దూరే కాళ్ళతో కలిపి బయటి ఎత్తు 75 సెంటీమీటర్లు అవుతుంది. పెట్టె పొట్టిదైనంత మాత్రాన అడుగు భాగం మందం తగ్గదు, గోడల మందం తగ్గదు. గోడలు ఒకదానిపై ఒకటి పరుచుకోవడానికి కీళ్ళను వేర్వేరు ఎత్తుల్లో పెట్టాల్సిందే. కాబట్టి మడిచిన ఎత్తు దాదాపు అదే 40 సెంటీమీటర్లు ఉంటుంది. అదే లారీలో నిలబెట్టినవి మూడు, మడిచినవి ఆరు. లాభం మూడింతల నుంచి రెండింతలకు పడిపోయింది. పైగా తోటకు, కాయలు కొని పోగుచేసే ర్యాంపుకు, పరిశ్రమకు మధ్య తిరిగే ట్రాక్టరు ఎలాగూ ఖాళీగానే వెనక్కి వెళుతుంది. తెచ్చిన పెట్టెలనే నిలువునా తీసుకుపోగలదు. తిరుగు ప్రయాణంలో మడత వల్ల ఇక్కడ ఒరిగేది దాదాపు ఏమీ లేదు.

అయినా మడత పెట్టే కావాలని నేను వాదిస్తాను. కారణం కాలం. తోతాపురి కోత కొద్ది వారాల పని. ఆ తర్వాత ఏడాదిలో ఎక్కువ భాగం ఈ పెట్టెలు ఎక్కడో ఒకచోట ఖాళీగా పడి ఉండాలి. ఎండలో వదిలేస్తే ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, నీడ కింద పెట్టాలంటే షెడ్డు కావాలి. మడిస్తే ఆ షెడ్డు సగం చాలు.

ఈ కారణాన్ని ఒప్పుకుంటే రూపకల్పన మొత్తం మారిపోతుంది, ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న ముఖ్య విషయం అదే. విడిభాగాల పెట్టె ప్రతి ప్రయాణానికీ మడవాలి, విప్పాలి. అందుకే దానికి ఒక్క చేత్తో తెరిచే గొళ్ళేలు, స్ప్రింగులు, సగానికి దిగే తలుపులు పెడతారు. మామిడి పెట్టెను మడిచేది ఏడాదికి ఒకసారి. దానికి కావాల్సింది వేగం కాదు. సీజన్ మొత్తం గోడ కదలకుండా పట్టి ఉంచే లావుపాటి ఉక్కు పిన్నులు నాలుగు మూలలా ఉంటే చాలు. కదిలే భాగాలు ఎంత తక్కువగా ఉంటే అంత మేలు, ఎందుకంటే మామిడి సొన, రసం, మట్టి కలిసి చేరేది ఆ సందుల్లోనే. నీటి పైపుతో కొడితే శుభ్రపడని కీలు ఆహార పరిశ్రమలో ఉండకూడదు. ఇప్పుడు దొరికే పెట్టెలు చాలావరకు విడిభాగాల అవసరానికి పుట్టినవి. వాటిని అలాగే తెచ్చి తోటలో పెడితే మొదట విరిగేది ఆ సున్నితమైన గొళ్ళెమే.

కొలతల్లోనూ ఇదే పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. మనం ఎక్కువగా చూసే ప్యాలెట్ (సరుకు పెట్టి ఫోర్క్‌లిఫ్ట్‌తో ఎత్తే పీఠం) కొలత 1200, 1000 మిల్లీమీటర్లు. ఆరడుగుల వెడల్పున్న ట్రాక్టరు ట్రాలీ అంటే సుమారు 1.83 మీటర్లు, అందులో మీటరు పెట్టెలు రెండు పక్కపక్కన పట్టవు. 1200, 800 కొలత అయితే పడతాయి. గోడ ఎత్తు, అది వాలే దిశలో పెట్టె అడుగు భాగం కొలతను మించకూడదన్న నియమం కూడా అందులో ఇమిడిపోతుంది, ఎందుకంటే 60 సెంటీమీటర్ల గోడ 80 సెంటీమీటర్ల అడుగుపై హాయిగా పరుచుకుంటుంది.

వేడి సంగతి వేరుగా చెప్పాలి. ప్లాస్టిక్ బలాన్ని ప్రయోగశాలల్లో సాధారణంగా 23 డిగ్రీల దగ్గర కొలుస్తారు. మన పెట్టెలు పేర్చి ఉండేది 40 డిగ్రీలు దాటే యార్డుల్లో. ఎడతెగని బరువు కింద పాలిథీన్ వంటి ప్లాస్టిక్ నెమ్మదిగా సాగుతుంది, వేడిలో ఇంకా త్వరగా సాగుతుంది. మొదటి రోజు ఐదు వరుసలు మోసిన పెట్టె మూడో వారానికి గోడలు ఉబ్బి, కీలు వంకరపోయి, సీజన్ చివర మడతకు లొంగకపోవచ్చు. గాలి కోసం గోడకు పెట్టే రంధ్రాలు ఆ బలాన్ని ఇంకొంత తగ్గిస్తాయి. కొనేవాళ్ళు వేడిలో, వారాల తరబడి బరువు మోపి చేసిన పరీక్ష ఫలితాన్నే అడగాలి.

ద్రవాలకైతే మళ్ళీ వేరే పెట్టె కావాలి. మీటరు ఎత్తున నీరు నిలిస్తే 1.2 మీటర్ల వెడల్పు గోడపై దాదాపు 600 కిలోల బరువుకు సమానమైన తోపుడు పడుతుంది. చిత్తూరు గుజ్జు ఇప్పుడు ఎక్కువగా స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) సంచుల్లో నింపి, ఉక్కు డ్రమ్ముల్లో ఎగుమతి అవుతోంది. సింగపూర్‌కు చెందిన గుడ్‌ప్యాక్ సంస్థ రబ్బరుకు, పండ్ల రసాలకు మడిచే ఉక్కు పెట్టెలను అద్దెకిచ్చి దేశాల మధ్య తిప్పుతోంది. మడత, దూరం, అద్దె మూడూ కలిసినచోట ఆ పద్ధతి నిలబడింది. నెదర్లాండ్స్‌లో పుట్టిన ఫోర్‌ఫోల్డ్ అనే మడత ఓడ కంటైనర్ నాలుగింటిని ఒకదాని చోటులో పట్టిస్తుంది. అయినా మామూలు కంటైనర్‌ను పక్కకు నెట్టలేకపోయింది. దాన్ని మడవడానికి ప్రతి చోటా యంత్రం, మనుషులు, సమయం కావాలి.

యాజమాన్యం విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఈ పెట్టెలను రైతు చేత కొనిపించకూడదు. షెడ్డు, ఫోర్క్‌లిఫ్ట్, కడిగే నీళ్ళు ఉన్నది పరిశ్రమ దగ్గర. కాయ తెచ్చే వంతు చెప్పే టోకెన్‌తో పాటు పరిశ్రమే రైతుకు పెట్టెలనూ ముందే ఇచ్చి, తిరిగి రాని పెట్టెకు డిపాజిట్ పట్టుకుంటే చాలు. ఏ గోడకు ఆ గోడ విడిగా దొరకాలన్న షరతు కొనుగోలు ఒప్పందంలోనే ఉండాలి. ఒక్క గోడ పగిలినందుకు మొత్తం పెట్టెను తుక్కుకు వేయాల్సి వస్తే, మడతకు పెట్టిన అదనపు ధర మొదటి రెండు సీజన్లలోనే కరిగిపోతుంది.