పెదవి మీద మేస్త్రి

మేనకోడలి పెళ్లి జడ్చర్లలో. ముందురోజు పొద్దున అద్దం చూసుకుంటే కింది పెదవి అంచున పొక్కుల గుత్తి. పెళ్లింట్లో అడుగు పెట్టగానే వైద్యం మొదలైంది. "సాలెపురుగు ఉచ్చ పోసినట్టుందిరా" అంది అక్క. "వేడి చేసింది బామ్మర్దీ, మజ్జిగ తాగు" అన్నాడు బావ. మెడికల్ షాపు పిల్లగాడు మాత్రం అసైక్లోవిర్ ట్యూబు చేతిలో పెట్టి "హెర్పిస్ అన్నా" అన్నాడు, షాపులో ఉన్న నలుగురికీ వినపడేలా.

ప్రపంచంలో 50 ఏళ్ల లోపు వాళ్లలో 64 శాతం మందిలో ఈ హెర్పిస్ వైరస్ (టైప్ 1) ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 నాటి అంచనా. అంటే పూర్తి మెజారిటీ. ఆ సంగతి షాపులో వాళ్లకు చెప్పే ధైర్యం లేక, పెళ్లంతా మూతికి దస్తీ అడ్డం పెట్టుకొని తిరిగి, తర్వాత రెండు రాత్రులు దాని గురించి చదివాను. కోపం పోయి గౌరవం పుట్టింది. ఇంత సమర్థమైన పాలన మన జిల్లా ఏనాడూ చూడలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

మనిషి కణంలో ప్రొటీన్లు తయారుచేసే జన్యువులు దాదాపు 20 వేలు. వైరస్ దగ్గరున్నవి 80 చిల్లర. అయినా కొన్ని గంటల్లో కణం అనే ఈ ఊరు దాని చేతికి పోతుంది. అసలు రికార్డు, అంటే డీఎన్ఏ, కేంద్రకం గది దాటి రాదు. దాన్ని చూసి రాసిన చీటీలే బయటికి వస్తాయి. వాటి పేరు ఎంఆర్ఎన్ఏ. చీటీలో ఏముంటే రైబోజోములు ఆ ప్రొటీను వండుతాయి. తెలివితక్కువ వాడైతే రికార్డు రూముకు నిప్పు పెడతాడు. హెర్పిస్ చీటీలు కత్తిరిస్తుంది. అందుకోసం వీహెచ్ఎస్ అనే ఎంజైమును వచ్చేటప్పుడే సంచిలో వేసుకొని వస్తుంది. కొత్త సారు కుర్చీ తుడిపించుకోకముందే పాత ఫైళ్లు కనబడకుండా పోవడం మనకు తెలియంది కాదు. ముక్కల్ని ఊడ్చేది మన కణంలోని ఎక్స్ఆర్ఎన్1 అనే ఎంజైమే. కత్తెర దానిది, చీపురు మనది. దొంగలు పడ్డారని పక్క కణాలకు చెప్పే ఇంటర్‌ఫెరాన్ చీటీలు కూడా ఆ కుప్పలోనే పోతాయి. ఫిర్యాదు రాశారు, స్టేషన్ దాకా పోలేదు, అంతే.

ఇక దాని మేస్త్రితనం. చీటీలు రాసే కూలీ పేరు ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2. వైరస్ డీఎన్ఏ లోపలికి చేరాక ఈ కూలీల్లో చాలామంది అటే మళ్లుతారు, మన జన్యువుల దగ్గర చాలా సైట్లు ఖాళీ. దీన్ని సైంటిస్టులు కష్టపడి కనుక్కున్నారట. పాలమూరులో ఎవర్ని అడిగినా చెప్పేవాళ్లు. దేశంలో ఎక్కడ డ్యామ్ కట్టినా తట్ట మోసింది మనవాళ్లే. మేస్త్రి అడ్వాన్సు ఇచ్చేవాడు, లారీ వచ్చేది, తెల్లారేసరికి వాడలో ముసలివాళ్లు, మేకలు, తాళాలు మిగిలేవి. ఎక్కడిదో చెరువు నిండేది. మన బావిలో పూడిక తీసే మనిషి ఉండడు. వైరస్ ఆ అడ్వాన్సు కూడా ఇవ్వదు.

ఇంకో కిటుకుంది. మన చీటీల్లో మధ్యమధ్య పనికిరాని పేరాలుంటాయి, కోసి అతికిస్తే గానీ చీటీ చెల్లదు. వైరస్ జన్యువుల్లో చాలావాటికి ఆ పేరాలే లేవు. కాబట్టి ఐసీపీ27 అనే ప్రొటీనుతో ఆ అతికింపు పనికే అడ్డం పడుతుంది. సొంత బోరు ఉన్నవాడు చెరువు తూము మూయించినట్టు.

అయితే ఒక్క విషయంలో మనవాళ్లకంటే అది ఎంతో నయం. ఆ కత్తెరకు పక్షపాతం లేదు, వైరస్ సొంత చీటీలనూ కోస్తుంది. దాని పని మూడు విడతలు. ముందు విడత చీటీలు పోతేనే తర్వాతి విడతకు చోటు. ఆఖరి విడతలో కొత్త వైరస్‌లకు సరుకు కావాలి కాబట్టి వీపీ16 అనే ప్రొటీను కత్తెరను పట్టుకొని ఆపుతుంది. గడువు తీరిన తన ఆర్డరును తానే చింపుకున్న నాయకుణ్ణి ఒక్కణ్ణి చూపించండి, నా ట్యూబు ఇచ్చేస్తాను.

హెర్పిస్ వంశంలో అందరూ ఒకటే అనుకోవద్దు. ఎప్‌స్టీన్ బార్ వైరస్ బీజీఎల్ఎఫ్5 అనే వేరే కత్తెర పట్టుకుంది. సైటోమెగలో వైరస్ మాత్రం ఊరిని మూయించదు. నడుస్తున్న ఊరినుంచే వసూలు చేసుకుంటుంది. అనుభవం మీద తెలిసిన పద్ధతి కావచ్చు.

పది రోజుల్లో నా పుండు మానింది. వైరస్ మాత్రం పోలేదు. పుర్రె అడుగున ఒక నాడీ ముడిలో తన చీటీలనూ దాదాపు ఆపేసుకొని పడుకుంటుంది. ఎండ దెబ్బకో, జ్వరానికో, టెన్షన్‌కో మళ్లీ లేస్తుంది. మాఘంలో చిన్న మేనకోడలి పెళ్లి. అక్క నిన్ననే ఫోన్ చేసింది. "ఇంటికి సున్నం వేయించినం, ఒక్క సాలెగూడు లేకుండా దులిపించినం. ఈసారి భయం లేదు, రా."