అరికాళ్ల మంటలన్నిటికీ బీ12 ఇంజెక్షనేనా?

అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు, పిక్కల్లో లాగడం అన్నీ నరాల బలహీనతే. విటమిన్ బీ12 ఇంజెక్షన్లు ఒక కోర్సు చేయించుకోండి. రోజూ ఉప్పు వేసిన వేడినీళ్లలో పాదాలు పెట్టండి. పొద్దున్నే చెప్పుల్లేకుండా నడవండి. డాక్టర్లిచ్చే నరాల మాత్రలు మత్తుమందులు, వాడొద్దు. వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ సారాంశం ఇది. అక్కడక్కడా కొంత నిజం కలిసి ఉండటం వల్లే జనం నమ్ముతున్నారు.

'నరాల బలహీనత' అన్నది ఒక జబ్బు పేరు కాదు. నొప్పి ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో గమనిస్తే కారణం చాలావరకు దొరుకుతుంది. షుగర్ వల్లయితే మామూలుగా రెండు పాదాల్లోనూ, వేళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి వస్తుంది. రాత్రిపూట మరీ ఎక్కువ. నడుములో డిస్క్ జారి నరాన్ని నొక్కితే, అంటే సయాటికా అయితే, ఎక్కువగా ఒక కాలికే వస్తుంది. పిరుదు నుంచి పాదం దాకా కరెంట్ షాక్ కొట్టినట్టు లాగుతుంది, దగ్గినా తుమ్మినా పెరుగుతుంది. ఇది చాలామందికి కొన్ని వారాల్లో ఆపరేషన్ లేకుండానే తగ్గిపోతుంది. నడుస్తుంటే పిక్క పట్టేసి, ఆగగానే తగ్గుతోందా? అప్పుడు నరాలను కాదు, రక్తనాళాలను అనుమానించాలి. మద్యం, థైరాయిడ్, టీబీకి వాడే ఐసోనియాజిడ్ కూడా కారణాలే. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే కుష్ఠు పరీక్ష చేయించాలి. దానికి మందులు ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం.

బీ12 సంగతి. లోపం ఉన్నవాళ్లకు అది మందే. పూర్తి శాకాహారులు, షుగర్‌కి ఏళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడుతున్నవాళ్లు ఒకసారి పరీక్ష చేయించుకోవడం మంచిది. కానీ డిస్క్ నొక్కుతుంటే బీ12 ఏం చేస్తుంది? పైగా బలానికని కొనే కొన్ని మాత్రల్లో బీ6 కూడా ఉంటుంది. ఎక్కువ మోతాదులో నెలల తరబడి మింగితే ఆ బీ6 వల్లే నరాలు దెబ్బతింటాయి.

అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా వేడినీళ్లూ, ఉత్తకాళ్ల నడకా. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నవాళ్లకు పాదాల్లో మంటతో పాటు మొద్దుబారడమూ ఉండొచ్చు. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో పాదానికి తెలియదు, చర్మం కాలి బొబ్బలెక్కాకే చూసుకుంటారు. ముల్లు గుచ్చుకున్నా అంతే. ఆ పుండు మానక, చీము పట్టి వేళ్లు తీసేయాల్సి వచ్చే కేసులు ఆసుపత్రులకు కొత్తేమీ కాదు. మంట దానంతటదే తగ్గితే నయమైందనీ అనుకోవద్దు, స్పర్శ పూర్తిగా పోయి ఉండొచ్చు. రోజూ పాదాలు, వేళ్ల సందులు చూసుకోవాలి. అడుగుభాగం కనబడకపోతే అద్దం పెట్టుకోండి.

మత్తుమందుల మాటలో సగమే నిజం. నరాల నొప్పికి ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ మగతగా ఉంచుతాయి. పెద్దవాళ్లు తూలి పడొచ్చు. కిడ్నీ సమస్య ఉంటే మోతాదు తగ్గించాలి. దుర్వినియోగమూ ఉంది కాబట్టి చీటీ లేకుండా కొనకూడదు, ఉన్నట్టుండి ఆపకూడదు. డులోక్సెటిన్, అమిట్రిప్టిలిన్ డిప్రెషన్ మందులని నెట్‌లో చదివి "నాకేమైనా పిచ్చా" అని పక్కన పడేసేవాళ్లున్నారు. అవి నరాల నొప్పి సంకేతాలనూ తగ్గిస్తాయి, అందుకే ఇస్తారు. మామూలు నొప్పి మాత్రలు ఈ మంటకు పెద్దగా పనిచేయవు.

ఆ మెసేజ్‌లో లేనిది ఒకటుంది. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం, మల విసర్జనపై పట్టు తప్పడం, తొడల మధ్య మొద్దుబారడం, పాదం పైకి ఎత్తలేకపోవడం వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.