గ్రహాంతరవాసులకూ ఇదే సిలువా?

భూమికి ఆవల జీవం కనిపించిన రోజున క్రైస్తవ విశ్వాసం కుప్పకూలుతుందని కొందరు ధీమాగా అంటుంటారు. చరిత్ర మాత్రం వారికి అంతగా సాయపడదు. దేవుడు అనేక లోకాలను సృష్టించలేడన్న వాదనను పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియె 1277లోనే ఖండించారు. సూర్యచంద్రులపైనా నివాసులు ఉండవచ్చని 1440 నాటి గ్రంథంలో ఊహించిన నికొలస్ ఆఫ్ క్యూసా ఆ తర్వాత కార్డినల్ కూడా అయ్యారు. లోకాలు అనంతమని బోధించిన జియోర్డానో బ్రూనోను 1600లో రోమ్‌లో సజీవ దహనం చేసిన మాట నిజమే గానీ, ఆయన మీద మోపిన అభియోగాల్లో క్రీస్తు దైవత్వాన్ని, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) కాదనడం కూడా ఉంది.

కాబట్టి చిక్కు జీవంతో కాదు. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ వ్యోమనౌక గురుగ్రహపు ఉపగ్రహం యూరోపా మీద జీవానికి అనువైన పరిస్థితులు ఉన్నాయేమో పరిశీలించబోతోంది. అలాంటి చోట మంచు కింది సముద్రంలో రేపు సూక్ష్మజీవి దొరికినా, దానికి పాపమూ లేదు, రక్షణ అవసరమూ లేదు. మంచిచెడులు ఎరిగి తప్పు చేయగల ప్రాణి ఎదురైతేనే అసలు ప్రశ్న మొదలవుతుంది. ఎందుకంటే పాపం ఆదాము ద్వారా లోకంలో ప్రవేశించిందని బైబిల్లో రోమీయులకు రాసిన పత్రిక (లేఖ) చెబుతుంది, క్రీస్తు ఒక్కసారే బలి అయ్యాడని హెబ్రీయులకు రాసిన పత్రిక నొక్కి చెబుతుంది. మరి ఆదాము సంతతి కానివారి సంగతేమిటి?

పదిహేనో శతాబ్దపు ఫ్రాన్సిస్కన్ పండితుడు గియోమ్ ద వొరియాన్ దీన్ని తప్పించుకోలేదు. ఆ లోకవాసులు ఆదాముకు పుట్టినవారు కారు గనుక అతని పాపం వారికి అంటదన్నారు. ఒకవేళ విమోచన అవసరమైనా, లోకాలు అనంతమైనా సరే ఇక్కడి మరణమే చాలునని, క్రీస్తు మరో లోకానికి వెళ్లి మళ్లీ చనిపోవడం తగదని తేల్చారు. 1794లో క్రైస్తవ మతాన్ని విమర్శించిన రచయిత థామస్ పెయిన్ ఈ ప్రశ్ననే ఎగతాళిగా మార్చి, దేవుని కుమారుడు లోకం తర్వాత లోకం తిరుగుతూ మరణిస్తూనే ఉండాలా అని నిలదీశారు. ఎగతాళే అయినా ఆ దెబ్బ సరైన చోటే తగిలింది.

వాటికన్ ఖగోళ పరిశోధనశాల డైరెక్టర్‌గా ఉన్న ఫాదర్ హొసే గాబ్రియేల్ ఫూనెస్ 2008లో వాటికన్ దినపత్రికతో మాట్లాడుతూ గ్రహాంతరవాసిని సోదరుడన్నారు. క్రీస్తు శరీరధారణ మరోసారి జరగనిదని చెబుతూనే, వారికీ ఏదో విధంగా దేవుని కనికరం అందుతుందన్నారు. ఆ ‘ఏదో విధం’ ఏమిటో వివరించకపోతే అది ఆశే తప్ప సమాధానం కాదు. ఈ విషయంలో అనేక లోకాలు లేవని నమ్మిన పదమూడో శతాబ్దపు వేదాంతి థామస్ అక్వినాస్‌దే ఎక్కువ తెగువ. క్రీస్తు తాను ధరించిన మానవ స్వభావంతో పాటు మరొక మానవ స్వభావాన్నీ ధరించగలడని, దైవశక్తికి ఆ హద్దు లేదని ఆయన వాదించారు. ఈ దారిన నడిస్తే హెబ్రీ పత్రికలోని ‘ఒక్కసారి’ని ఆదాము సంతతికే పరిమితం చేసి చదవాల్సి వస్తుంది. అయితే భూలోకంలోనివైనా పరలోకంలోనివైనా సమస్తమూ ఆ సిలువ రక్తం ద్వారానే దేవునితో సమాధానపడతాయన్న కొలొస్సయుల పత్రిక అందుకు అడ్డు నిలుస్తుంది.

నాకు వొరియాన్ వైపే మొగ్గు. సువార్త చేరని దూరం సమస్య అనుకుంటే, అది నక్షత్రాలతో మొదలైనది కాదు. క్రీస్తుకు ముందు బతికిన అబ్రాహాము విశ్వాసం వల్లే నీతిమంతుడయ్యాడని పౌలు వాదించాడు. అబ్రాహాముకు దక్కిన వాగ్దానం కూడా వినకుండానే క్రీస్తుపూర్వం గోదావరి ఒడ్డున పుట్టి గిట్టినవారి రక్షణ గురించి క్రైస్తవ సంఘం ఏమి చెబుతుందో, ఎక్కడో ఉన్న ఆ ప్రాణులకూ ముందుగా అదే చెప్పాల్సి ఉంటుంది.