కదలకుండా పరిగెత్తడం ఎలా?

మా మేనల్లుడికి నాలుగేళ్లు. మొన్న వాడి ప్రీస్కూల్లో ఫిట్‌నెస్ వారం జరిపారు. మొదటిరోజే ఇంటికొక వర్క్‌షీట్ వచ్చింది. దాని మీద పరిగెడుతున్న పిల్లాడి బొమ్మ, కింద 'నాకు రంగులు వెయ్యి, పరుగు ఆరోగ్యానికి మంచిది' అని అచ్చు. ఇంకా చదవడం రానివాళ్ల కోసమే అచ్చేశారన్నమాట! మావాడు నిక్కరు గీత దాటి రంగు పూశాడని టీచరు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. పరుగుకీ నిక్కరు గీతకీ సంబంధమేమిటని నన్నడక్కండి. నేను పరుగు కాళ్లతో నేర్చుకున్న మొద్దుని.

చేపపిల్లకు ఈత నేర్పాలా అని మనవాళ్లు ఊరికే అన్నారు. నేర్పాలి. ముందు దాన్ని నీళ్లలోంచి తీసి ఒడ్డున వరుసగా కూర్చోబెట్టాలి, తర్వాత నీళ్ల బొమ్మ చూపించాలి. ఆ పద్ధతేదో కళ్లారా చూద్దామని, ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చన్న రోజున మా చెల్లి బదులు నేను వెళ్లాను.

పిల్లల కుర్చీలో కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలాయి. ఎదురుగా పెద్ద స్క్రీను. అందులో ఒక కార్టూన్ కుందేలు 'గెంతండి! గెంతండి!' అని అరుస్తూ గెంతుతోంది. ఇరవైమంది పిల్లలు చేతులు కట్టుకుని దాన్ని తీక్షణంగా చూస్తున్నారు. ఒక్క పిల్లాడు మాత్రం కుందేలు మాట నమ్మేశాడు. లేచి గెంతాడు. అది మావాడేనని వేరే చెప్పక్కర్లేదు. టీచరు వెంటనే, "కూర్చో నాన్నా, కుందేలు ఎలా గెంతుతోందో సరిగ్గా చూడు" అంది. చూశాడు. కుందేలు చాలాసేపు గెంతింది. దాని ఆరోగ్యం బాగానే ఉన్నట్టుంది.

వీడియో అయ్యాక ప్రశ్న: "గెంతితే ఏమొస్తుంది?" అందరూ కూర్చునే అరిచారు: "బలం!"

తర్వాత గుండె పాఠం. ఎర్ర కాగితంతో కత్తిరించిన గుండెలు పంచి, వాటిని నోటుబుక్కులో అంటించమన్నారు. గమ్ము ఆరేదాకా ఎవరూ కదలకూడదు. ఒక పిల్ల కాగితాన్ని చెవి దగ్గర పెట్టుకుని, "టీచర్, ఇది కొట్టుకోవట్లేదు" అంది. ఆ రోజు మొత్తమ్మీద ఆ గదిలో వినబడిన సైన్సు అదొక్కటే. అసలు పాఠానికి కాగితమే అక్కర్లేదు. ఛాతీ మీద చెయ్యి పెట్టుకోమని, ముప్పై గెంతులు గెంతించి, మళ్లీ పెట్టుకోమంటే చాలు. లోపల ఎవరో దబదబా తలుపు బాదుతున్నట్టుంటే పిల్లల కళ్లు ఎంతంత అవుతాయో చూడాలి. కానీ ఆ కళ్లను ఫైల్లో పెట్టలేం కదా, గుండె కాగితాన్నైతే పెట్టొచ్చు.

చేతులు కడుక్కోవడం కూడా కాగితం మీదే. చుక్కలు కలిపితే కుళాయి వస్తుంది, ఇంకొన్ని కలిపితే సబ్బు వస్తుంది. 20 సెకన్లు రుద్దాలని పిల్లలు కంఠతా చెప్పారు. బయట అసలు కుళాయి నా నడుమెత్తులో ఉంది. దాన్ని అందుకోవడం ఏ వారంలో నేర్పుతారో కనుక్కోలేకపోయాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు ఇచ్చింది. మూడు నాలుగేళ్లవాళ్లు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒకలా కదలాలి, అందులో కనీసం 60 నిమిషాలు ఆయాసం వచ్చేలా ఆడాలి. స్క్రీను ముందు కూర్చోవడం గంటకు మించకూడదు, ఎంత తగ్గిస్తే అంత మంచిది. నేను లెక్క వేశాను. ఆ రోజు ఫిట్‌నెస్ పాఠం 45 నిమిషాలు నడిచింది. అందులో కదిలినవి మూడు: కుందేలు, టీచరు, గడియారం ముల్లు.

టీచర్ని ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. ఇరవైమంది నాలుగేళ్లవాళ్లతో ఒక గదిలో ఒక పూట గడిపితే నేనైతే కుందేలుకి కూడా దండం పెడతాను. పైనుంచి ఆవిడకి ఒక పట్టిక వస్తుంది, దాంట్లో ప్రతి గడికీ టిక్కు పడాలి, ప్రతి టిక్కుకీ ఒక ఫొటో ఉండాలి. పరిగెడుతున్న పిల్లల్ని ఫొటో తీస్తే అలికినట్టు వస్తుంది. ఇక మన సంగతి! సాయంత్రం బ్యాగు తెరిచి 'ఈ రోజు ఏం చేయించారు?' అని కాగితం వెతికేది మనమే. పిల్లాడి మోకాలికి మట్టి కనబడితే ఫోన్ చేసి ఫిర్యాదు చేసేదీ మనమే. కొందరైతే వాడి మణికట్టుకి అడుగులు లెక్కపెట్టే బ్యాండు కట్టి పదివేలు అయ్యాయా లేదా అని చూస్తున్నారు. ఆ పదివేలు ఏ వైద్యుడూ రాసిచ్చినవి కావు, 1965లో జపాన్‌లో ఒక అడుగుల మీటరు అమ్మడానికి పెట్టిన పేరు. పిల్లాడికి కావలసింది నేల మీద సుద్దతో ఒక వంకర గీత, దాని మీద ఎలుగుబంటిలా పాకమనే ఒక మనిషి, గాల్లోకి విసరడానికి ఒక బెలూను. వీటిలో ఏదీ బ్యాటరీతో నడవదు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. వచ్చేటప్పుడు తలుపు పక్కన బోర్డు చూశాక నాకు నవ్వు రాలేదు. 'ఈ రోజు ఆట లేదు' అని రాసి, కింద మూడు పేర్లు. మూడోది మావాడిది. నేరం: పాఠం మధ్యలో గెంతడం. అంటే గెంతడం మంచిదని చెప్పిన గంటలోనే, గెంతినందుకు, గెంతే సమయాన్ని లాగేసుకున్నారు! ఇది ఏ రకం చదువు? కుదురుగా కూర్చోలేని పిల్లాడికే అందరికంటే ముందు ఆట కావాలి, సరిగ్గా వాడికే దాన్ని ఆపుతున్నారు. అల్లరి చేశాడని ఎవరైనా పిల్లాడికి నీళ్లివ్వడం మానేస్తారా? నిద్రపోనివ్వకుండా కూర్చోబెడతారా? శిక్ష పేరుతో ఆట విరామం తీసేయొద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2013లోనే రాతపూర్వకంగా చెప్పింది. అంత పెద్ద డాక్టర్లు చెబితేగాని తెలియని విషయమా ఇది? నాలుగేళ్ల పిల్లాణ్ని కిటికీ పక్కన నిలబెట్టి, బయట ఆడుకుంటున్న మిగతావాళ్లని చూడమనడానికి మనసెలా ఒప్పుతుంది? వాడు ఏడవలేదు. అద్దానికి ముక్కు ఆనించి, మునివేళ్ల మీద కొంచెం కొంచెం ఎగురుతున్నాడు, ఎవరికీ కనబడకుండా.

శుక్రవారం బహుమతులిచ్చారు. వారమంతా బుద్ధిగా కూర్చున్న పాపకి 'ఆరోగ్య వీరురాలు' బిరుదు, అట్టతో చేసిన పతకం. పేరు పిలవగానే ఆ పిల్ల సంతోషం పట్టలేక వేదిక వైపు ఒక్క ఉరుకు ఉరికింది.

"పరిగెత్తకమ్మా," అంది మైకులో టీచరు, "నెమ్మదిగా నడిచిరా."